క్లౌడ్ ఫైల్ నిల్వ సేవ ఏపీఐ: మొదలుపెట్టేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ చదువుతున్న విద్యార్థులు, ఫోటో స్టూడియోలకూ చిన్న ఆఫీసులకూ ప్రోగ్రాములు రాసిపెట్టేవారు క్లౌడ్ నిల్వ ఏపీఐ గురించి నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఉదాహరణగా డ్రాప్‌బాక్స్ ఏపీఐ రెండవ వెర్షన్‌ను తీసుకున్నాను. ఇతర సేవల్లో ఎక్కడ తేడా వస్తుందో చివరికి దగ్గరగా ఒక ప్రశ్నలో చెప్పాను.

ఏపీఐ అంటే ఏమిటి? బ్రౌజర్‌లోనే ఫైళ్లు పెట్టుకోగలుగుతున్నప్పుడు దానితో పనేమిటి?

మనిషి చేత్తో చేసే పనిని మన ప్రోగ్రాము చేసేందుకు వీలుగా ఆ సేవ ఏర్పాటు చేసిన పద్ధతే ఏపీఐ. ఏ చిరునామాకు, ఏ రూపంలో అభ్యర్థన పంపితే ఏ జవాబు వస్తుందో ముందే నిర్ణయించి, ఆ సేవ తన డాక్యుమెంటేషన్‌లో ప్రకటిస్తుంది.

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం నాడు జరుగుతుంది. ఆ ఒక్క పూట ఒక స్టూడియోవారు ఇద్దరు ముగ్గురు మనుషులను పెట్టి వేల ఫోటోలు తీస్తారు. వాటిని రాత్రంతా కూర్చుని బ్రౌజర్‌లోకి లాగి వదలడం, మధ్యలో నెట్ పోతే ఎంతవరకు వెళ్లాయో వెతుక్కోవడం, రెండుసార్లు వెళ్లినవాటిని ఏరి తీసేయడం ఎంత విసుగైన పనో చేసినవారికే తెలుసు. అదే పనిని ప్రోగ్రాముకు అప్పగిస్తే, మెమరీ కార్డు పెట్టగానే కొత్త ఫోటోలేవో గుర్తించి, వరుసగా పంపి, వెళ్లనివాటిని మళ్లీ పంపి, తెల్లవారేసరికి జాబితా చేతిలో పెడుతుంది.

మొదలుపెట్టడానికి ఏమేమి కావాలి? డబ్బు కట్టాలా?

కట్టనవసరం లేదు. 2 జీబీ నిల్వతో దొరికే ఉచిత ఖాతా నేర్చుకోవడానికి ధారాళంగా సరిపోతుంది. ఖాతా తెరిచాక డెవలపర్ల సైట్‌లోని యాప్ కన్సోల్‌కు వెళ్లి ఒక యాప్‌ను నమోదు చేయాలి. పైతాన్, జావా, జావాస్క్రిప్ట్ వంటి భాషలకు సిద్ధంగా లైబ్రరీలు ఉన్నాయి. అయినా మొదటి రెండు మూడు అభ్యర్థనలను కమాండ్ లైన్ నుంచి అభ్యర్థనలు పంపే కర్ల్ వంటి సాధనంతో స్వయంగా పంపి చూడమని నేను విద్యార్థులకు గట్టిగా చెబుతాను. లైబ్రరీ లోపల జరుగుతున్నది ఒకసారి కళ్లారా చూస్తే, తర్వాత లోపం వచ్చినప్పుడు దాన్ని ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

నమోదు సమయంలో యాప్ ఫోల్డర్ కావాలా, పూర్తి డ్రాప్‌బాక్స్ కావాలా అని అడుగుతుంది. ఏది ఎంచుకోవాలి?

సందేహం ఉంటే యాప్ ఫోల్డర్‌నే ఎంచుకోండి. అప్పుడు మీ ప్రోగ్రాముకు ఆ ఖాతాలో తనకంటూ కేటాయించిన ఒక్క ఫోల్డరే కనిపిస్తుంది. మిగిలినవేవీ అది చూడలేదు, చెరపలేదు. పూర్తి డ్రాప్‌బాక్స్ అంటే ఖాతాలోని ప్రతి ఫైలూ దాని చేతికి వచ్చినట్లే. ఈ ఎంపికను తర్వాత మార్చుకోవడం కుదరదు, మార్చాలంటే కొత్త యాప్ నమోదు చేయవలసిందే కాబట్టి ఇక్కడ ఐదు నిమిషాలు ఆగి ఆలోచించడం మంచిది.

ఆ తర్వాత అనుమతుల పట్టిక వస్తుంది. ఫైలు చదవడం, రాయడం, ఫైలు వివరాలు చూడడం, ఇతరులతో పంచుకోవడం అని ఒక్కొక్క పనికి ఒక్కొక్క అనుమతి ఉంటుంది. అన్నింటికీ టిక్కు పెట్టేస్తే పని సులువవుతుందని చాలామంది అలాగే చేస్తారు. దయచేసి అలా చేయకండి. ఆ ఖాతాలో ఉండేవి మన ఫోటోలు కావు. ఎవరి ఇంటి పెళ్లివో, ఎవరి పిల్లల బారసాలవో అయి ఉంటాయి. ఫోటోలు పంపడమే పనిగా ఉన్న ప్రోగ్రాముకు పంచుకునే అనుమతి అవసరమే లేదు.

యాప్ కీ, యాప్ సీక్రెట్, యాక్సెస్ టోకెన్: ఈ మూడింటికీ తేడా ఏమిటి?

యాప్ కీ మీ ప్రోగ్రాము పేరు వంటిది. అది నలుగురికీ తెలిసినా నష్టం లేదు. యాప్ సీక్రెట్ ఆ పేరు మీదే అని రుజువు చేసే రహస్యం. యాక్సెస్ టోకెన్ మాత్రం వేరు: ఫలానా ఖాతాదారు ఫలానా ప్రోగ్రాముకు ఫలానా పనుల కోసం ఇచ్చిన అనుమతికి అది గుర్తు. ఖాతాదారు తన పాస్‌వర్డును మీకు చెప్పకుండానే అనుమతి ఇవ్వగలగడం ఓఆత్ 2.0 అనే పద్ధతి వల్ల సాధ్యమవుతోంది. మీ ప్రోగ్రాము ఆయనను డ్రాప్‌బాక్స్ పేజీకి పంపుతుంది, ఆయన అక్కడే లాగిన్ అయి అంగీకరిస్తారు, మీకు ఒక కోడ్ వస్తుంది, ఆ కోడ్‌ను ఇచ్చి మీరు టోకెన్ తీసుకుంటారు. ఫోన్‌లో నడిచే యాప్ లోపల సీక్రెట్‌ను దాచడం అసాధ్యం కాబట్టి అటువంటివాటికి పీకేసీఈ అనే పద్ధతి ఉంది, అందులో సీక్రెట్ అవసరం రాదు.

నిన్న సాయంత్రం చక్కగా పనిచేసిన టోకెన్ ఈరోజు ఉదయం 401 లోపం చూపిస్తోంది. ఎందుకు?

టోకెన్ గడువు తీరిపోయింది. ఇప్పుడు ఇచ్చే యాక్సెస్ టోకెన్లు దాదాపు 4 గంటలే పనిచేస్తాయి. ఎన్నాళ్లైనా చెల్లే పాత రకం టోకెన్లను కొత్తగా ఇవ్వడం 2021లో నిలిపివేశారు. యూట్యూబ్‌లో దొరికే పాత పాఠాలు ఆ పద్ధతినే చూపిస్తాయి కాబట్టి వాటిని అనుసరించినవారందరూ ఇక్కడే ఆగిపోతున్నారు. దీనికి పరిష్కారం రిఫ్రెష్ టోకెన్. అనుమతి అడిగే సమయంలోనే ఆఫ్‌లైన్ రకం కావాలని చెబితే, యాక్సెస్ టోకెన్‌తో పాటు రిఫ్రెష్ టోకెన్ కూడా వస్తుంది. దాన్ని భద్రంగా ఉంచుకుని, గడువు తీరినప్పుడల్లా కొత్త యాక్సెస్ టోకెన్ తెచ్చుకోవచ్చు, ఖాతాదారును మళ్లీ అడగనక్కరలేదు.

ఇది మన ప్రాంతంలో ఎంత అవసరమో ఒక చిన్న లెక్క చూడండి. అప్‌లోడ్ వేగం సెకనుకు 2 మెగాబిట్లు ఉన్న చోట 5 జీబీ పెళ్లి వీడియో వెళ్లడానికి సుమారు 20,000 సెకన్లు, అంటే ఐదున్నర గంటలు పడుతుంది. వీడియో సగం దాటాక టోకెన్ గడువు తీరుతుంది. 401 వస్తే టోకెన్ మార్చుకుని అదే ముక్కను మళ్లీ పంపే ఏర్పాటు ప్రోగ్రాములో లేకపోతే ఆ పని ఎన్నటికీ పూర్తి కాదు.

కన్సోల్‌లో అనుమతికి టిక్కు పెట్టాను. అయినా అనుమతి లేదంటోంది.

పాత టోకెన్‌కు కొత్త అనుమతి అంటదు. టిక్కు పెట్టి భద్రపరిచాక టోకెన్‌ను మళ్లీ తీసుకోవాలి.

మొదటి ఫైలును ఎలా పంపాలి?

ముందుగా ఫైలు జోలికి వెళ్లకుండా, ప్రస్తుత ఖాతా వివరాలు అడిగే అభ్యర్థన పంపండి. పేరు, ఈమెయిల్ తిరిగి వస్తే మీ టోకెన్ సరైనదేనని తేలుతుంది. ఆ తర్వాతే ఫైలు.

ఇక్కడ తెలుసుకోవలసిన తేడా ఒకటి ఉంది. జాబితా అడగడం, ఫోల్డర్ సృష్టించడం వంటి పనులకు ఒక చిరునామా, ఫైలును పంపడానికీ దించుకోవడానికీ వేరొక చిరునామా వాడతారు. మొదటి రకంలో మనం చెప్పదలచినదంతా జేసన్ అనే, వివరాలను అక్షరాల్లో రాసే రూపంలో అభ్యర్థన లోపల వెళ్తుంది. రెండవ రకంలో అభ్యర్థన లోపల ఫైలు వెళ్తుంది కాబట్టి, దాని పేరూ ఇతర వివరాలూ జేసన్ రూపంలోనే హెడర్‌లో, అంటే అభ్యర్థన ముందుభాగంలో, పెట్టాలి. ఫైలు ఏ ఫోల్డర్‌లో ఏ పేరుతో ఉంటుందో చెప్పే దారి ఎప్పుడూ ఏటవాలు గీతతో మొదలవుతుంది, కానీ మూల ఫోల్డర్‌ను సూచించాలంటే మాత్రం ఖాళీగా వదిలేయాలి. ఒంటరి గీత పెడితే లోపం వస్తుంది.

ఇంగ్లీషు పేర్లున్న ఫైళ్లు వెళ్తున్నాయి, తెలుగు పేర్లున్నవి వెళ్లడం లేదు. తెలుగు పేర్లు పెట్టకూడదా?

నిస్సంకోచంగా పెట్టవచ్చు. మన ఫైలుకు మన భాషలో పేరు ఉండడం మన హక్కు. దానికోసం రెండు సంగతులు తెలుసుకుంటే చాలు.

మొదటిది, పైన చెప్పిన హెడర్‌కు సంబంధించినది. హెచ్‌టీటీపీ హెడర్‌లో తెలుగు అక్షరాలు ఉన్నవి ఉన్నట్లుగా వెళ్లలేవు. ప్రతి అక్షరాన్నీ యూనికోడ్ అనే అక్షరాల పట్టికలో దానికున్న సంఖ్యగా మార్చి పంపాలి. ఉదాహరణకు ‘ప’ అక్షరం 0సి2ఏ అవుతుంది, దాని ముందు బ్యాక్‌స్లాష్, యూ గుర్తులు వస్తాయి. పైతాన్‌లోనూ పీహెచ్‌పీలోనూ జేసన్ తయారుచేసే ఫంక్షన్లు మనం చెప్పకపోయినా ఈ మార్పు చేసిపెడతాయి. జావాస్క్రిప్ట్‌లోని ఫంక్షన్ చేయదు. కాబట్టి జావాస్క్రిప్ట్‌లో నేరుగా అభ్యర్థన రాసుకున్నవారికే ఈ లోపం ఎక్కువగా ఎదురవుతుంది.

రెండవది లోతైనది, కంటికి కనిపించనిది. ‘పైడితల్లి’ అనే పేరును తీసుకోండి. అందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయవచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు పొడిగింపు అని రెండు గుర్తులుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒక్కలాగే ఉంటాయి. అయితే మొదటి రూపంలో ఆ పేరుకు 9 గుర్తులు, వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 27 బైట్లు; రెండవ రూపంలో 10 గుర్తులు, 30 బైట్లు. ప్రోగ్రాము ఈ రెండింటినీ పోల్చి ‘ఇవి వేరు’ అంటుంది. పాత మ్యాక్ కంప్యూటర్ల ఫైల్ వ్యవస్థ పేర్లను విడదీసిన రూపంలోనే దాచుకునేది. అక్కడి నుంచి వచ్చిన జాబితానూ విండోస్ నుంచి వచ్చిన జాబితానూ పోల్చితే, వెళ్లిన ఫైలే వెళ్లలేదని తేలి రెండోసారి వెళ్తుంది. పోల్చే ముందు రెండు పేర్లనూ ఎన్ఎఫ్‌సీ అనే ఏకరూపానికి మార్చుకోవాలి. పైతాన్‌లో ఇది ఒక్క వాక్యంలో అయిపోయే పని.

ఇదే కోవలోనిది పొల్లు తర్వాత వచ్చే కనిపించని గుర్తు. ‘ఫోర్ట్’ అని టైపు చేసినప్పుడు కొన్ని కీబోర్డులు మాట చివర ఆ గుర్తును వదిలేస్తాయి. దాన్ని ఎన్ఎఫ్‌సీ తీసేయదు కాబట్టి, పేరు చివర ఉంటే మీరే తొలగించాలి. మాట మధ్యలో ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోకండి, అక్కడ అక్షర రూపమే మారిపోతుంది.

పేరు పొడవు కూడా గుర్తుంచుకోండి. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు మించకూడదు. తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు కాబట్టి 85 గుర్తులకే హద్దు వచ్చేస్తుంది. వధూవరుల పేర్లు, ఊరి పేరు, తేదీ, మండపం పేరు అన్నీ కలిపి ఫైలు పేరు పెట్టే అలవాటున్న స్టూడియోలలో ఈ హద్దు తగలడం నేను చూశాను.

పెద్ద వీడియోలు ఎందుకు వెళ్లడం లేదు?

ఒకే అభ్యర్థనలో 150 ఎంబీ వరకే పంపవచ్చు. అంతకు మించితే అప్‌లోడ్ సెషన్ వాడాలి. సెషన్ మొదలుపెట్టే అభ్యర్థన ఒకటి, ముక్కలను వరుసగా జతచేసే అభ్యర్థనలు కొన్ని, చివరికి ముగించి ఫైలుకు పేరు పెట్టే అభ్యర్థన ఒకటి ఉంటాయి. ప్రతి ముక్కతోనూ సెషన్ గుర్తింపునూ, ఇంతవరకు ఎన్ని బైట్లు పంపామనే లెక్కనూ పంపాలి.

ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి రౌటర్ ఆగినప్పుడు ఈ లెక్క విలువ తెలుస్తుంది. మనం పంపిన ముక్క చేరింది, కానీ చేరిందన్న జవాబు మనకు అందలేదు. తిరిగి కరెంటు వచ్చాక అదే ముక్కను పాత లెక్కతో పంపితే సర్వరు దాన్ని తిరస్కరించి, తన దగ్గరున్న సరైన బైట్ల సంఖ్యను ఆ లోపంలోనే చెబుతుంది. దాన్ని చదివి అక్కడి నుంచి కొనసాగించాలే తప్ప, లోపం వచ్చింది కదా అని మొదటి నుంచి మొదలుపెట్టకూడదు. సెషన్ గుర్తింపును మెమరీలోనే కాక డిస్కు మీద ఒక చిన్న ఫైలులో రాసుకోవడం మరువకండి.

అప్‌లోడ్ విజయవంతమని జవాబు వచ్చింది. అంటే ఫైలు భద్రంగా చేరినట్లేనా?

కాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

గంటస్తంభం దగ్గరి ఒక ఫోటో స్టూడియోకు నేను రాసిన తొలి ప్రోగ్రాము వరుసగా ఫోటోలు పంపి, ప్రతిదానికీ 200 అనే విజయ సంకేతం అందుకుని, ‘చేరింది’ అని రాసుకునేది. మూడో రోజు స్టూడియో యజమాని తన ఫోన్‌లో తెరిచి చూస్తే అన్ని పేర్లూ ఉన్నాయి, ఒక్క ఫోటో కూడా తెరుచుకోలేదు. పరిమాణం చూస్తే ప్రతిదీ 0 బైట్లు. జరిగింది ఇది: పంపే ముందు ఫైలును తెరిచి, చివరిదాకా చదివి హాష్, అంటే ఫైలులోని విషయాన్ని బట్టి వచ్చే గుర్తింపు విలువ, లెక్కించాను, మళ్లీ మొదటికి రాకుండా అదే ఫైలును అప్‌లోడ్‌కు అప్పగించాను. చదవడానికి ఇంకేమీ మిగలలేదు కాబట్టి ఖాళీ ఫైలు వెళ్లింది. ఖాళీ ఫైలు పంపడం తప్పేమీ కాదు కాబట్టి సర్వరు దాన్ని సవ్యంగా స్వీకరించింది. మెమరీ కార్డులు ఇంకా చెరపలేదు గనుక ఆ కుటుంబాల ఫోటోలు దక్కాయి. ఆ సాయంత్రం తర్వాత నేను జవాబులోని పరిమాణమూ హాషూ సరిచూడకుండా ‘చేరింది’ అనే మాట రాయలేదు.

సరిచూసే విధానం ఇలా ఉంటుంది. ప్రతి అప్‌లోడ్ జవాబులోనూ కంటెంట్ హాష్ అనే విలువ వస్తుంది. ఇది షా-256 అనే పద్ధతిలో ఫైలు మొత్తానికి ఒకేసారి లెక్కించే మామూలు హాష్ కాదు, అందుకే నేరుగా పోల్చితే కలవదు. ఫైలును 4 ఎంబీ ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్కకూ షా-256 లెక్కించి, వచ్చిన 32 బైట్ల విలువలను వరుసగా కలిపి, ఆ మొత్తానికి మళ్లీ షా-256 లెక్కించాలి. 10 ఎంబీ ఫైలుకు 4, 4, 2 అని మూడు ముక్కలు వస్తాయి, 96 బైట్లు అవుతాయి, వాటి నుంచి 64 హెక్సాడెసిమల్ అంకెల తుది విలువ వస్తుంది. మధ్యలో వచ్చే విలువలను అంకెల రూపంలో కాక అసలు బైట్లుగానే కలపాలి; ఎక్కువమంది తడబడేది అక్కడే.

అదే పేరుతో ముందే ఫైలు ఉంటే ఏమవుతుంది?

మీరు ఎంచుకున్న పద్ధతిని బట్టి ఉంటుంది. మామూలుగా ‘జోడించు’ పద్ధతిలో వేరే విషయం ఉన్న ఫైలు అక్కడ ఉంటే 409 లోపం వస్తుంది, లేదా మీరు కోరితే పేరు కొద్దిగా మార్చి ఉంచుతుంది. ‘తుడిచి రాయి’ పద్ధతి పాతదాని స్థానంలో కొత్తది పెడుతుంది. మూడవది, మీకు తెలిసిన ఫలానా రివిజన్, అంటే ఫైలు యొక్క ఆ రూపం, ఇంకా అక్కడే ఉంటేనే మార్చమనే పద్ధతి. ఇద్దరు ముగ్గురు ఒకే లెక్కల ఫైలు మీద పనిచేసే ఆఫీసులకు ఇదే తగినది.

డ్రాప్‌బాక్స్ ఇంగ్లీషులో పెద్దక్షరాలనూ చిన్నక్షరాలనూ పేర్లలో వేరుగా చూడదు. లినక్స్ వేరుగా చూస్తుంది. కెమెరా ఇచ్చిన పెద్దక్షరాల పేరూ, ఎవరో చిన్నక్షరాల్లోకి మార్చిన పేరూ ఒకే ఫోల్డర్‌లో ఉంటే డ్రాప్‌బాక్స్‌లో రెండూ ఒకే ఫైలు పేరు అవుతాయి.

ఫోల్డర్‌లో వేల ఫైళ్లున్నా జాబితాలో కొన్నే వస్తున్నాయి.

జాబితా విడతలుగా వస్తుంది. జవాబులో ఇంకా ఉన్నాయని సూచన ఉంటే, దానితో వచ్చిన కర్సర్‌ను, అంటే జాబితా ఎంతవరకు వచ్చిందో చెప్పే గుర్తును, పంపి తర్వాతి విడత అడగాలి. చివరి విడతలో వచ్చిన కర్సర్‌ను దాచుకోండి. రేపు దానితో అడిగితే ఈలోగా మారినవే వస్తాయి.

429 లోపం వస్తోంది. ఏం చేయాలి?

ఆగాలి. మీ అభ్యర్థనలు మరీ వేగంగా వస్తున్నాయని ఆ లోపానికి అర్థం. ఎన్ని సెకన్లు ఆగాలో చాలాసార్లు జవాబులోని రీట్రై-ఆఫ్టర్ హెడర్ చెబుతుంది. అది లేకపోతే ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది అని పెంచుకుంటూ పోవాలి. వేగం కోసం ఒకే ఖాతాలోకి ఇరవై అప్‌లోడ్‌లు ఒకేసారి నడపడం వల్ల వేగం రాదు. రాతలు ఒకదానికొకటి అడ్డుపడి ఈ లోపమే వస్తుంది. అన్నింటినీ సెషన్లుగా పంపి, చివర ఒకే బ్యాచ్‌లో ముగించడం సరైన మార్గం.

టోకెన్ ఉన్న కోడ్‌ను పొరపాటున గిట్‌హబ్‌లో పెట్టేశాను.

ఇప్పుడే టోకెన్‌ను రద్దు చేయండి, సీక్రెట్ కూడా ఉంటే దాన్ని మార్చండి. ఆ వరుసను చెరిపి మళ్లీ కమిట్ చేస్తే సరిపోదు, పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. ఇకమీదట అటువంటి విలువలను కోడ్‌లో కాక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఉంచి, వాటి ఫైలును గిట్ పట్టించుకోని జాబితాలో చేర్చండి. ఎవరూ చూడలేదులే అనుకుని ఊరుకోవద్దు. బయటపడిన టోకెన్ల కోసం వెతికే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు నడుస్తుంటాయి.

నేర్చుకున్నది గూగుల్ డ్రైవ్‌కూ అమెజాన్ ఎస్3కీ పనికొస్తుందా?

టోకెన్లు, విడతల జాబితాలు, ముక్కలుగా పంపడం, ఆగి మళ్లీ ప్రయత్నించడం అన్నిచోట్లా ఉన్నవే. అయితే డ్రైవ్‌లో ఫైలును గుర్తించేది దారి కాదు, ఒక ఐడీ. అందువల్ల ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండగలవు. 2006లో మొదలైన ఎస్3లో అసలు ఫోల్డర్లే లేవు, పొడవాటి పేర్లలోని గీతలను చూసి మనం ఫోల్డర్లు అనుకుంటాం.

క్లౌడ్‌లో చేరాక ఇంట్లోని ప్రతిని తీసేయవచ్చా?

తీసేయకండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. ఇంట్లోనే ప్రతి ఉన్నవారికి ఆ డిస్కు తడిసిపోతే అంతే. క్లౌడ్‌లోనే ప్రతి ఉన్నవారికి నెట్ వచ్చేదాకా అది అందదు. రెండు చోట్లా ఉండాలి.

పైగా, ఒకచోట చెరిపితే రెండోచోట కూడా చెరిగిపోయే సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఉచిత ఖాతాలో చెరిపిన ఫైలును తిరిగి తెచ్చుకోవడానికి 30 రోజులే గడువు. అందుకే మేము స్టూడియో కోసం రాసిన ప్రోగ్రాముకు చెరిపే పని అప్పగించనేలేదు. నెలకొకసారి ఏదో ఒక వేడుక ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్‌లోకి దించి, హాష్‌లు సరిచూసి, నాలుగు ఫోటోలు తెరిచి చూస్తాం. తెరుచుకోనిది ఒక్కటి కనిపించినా, డిస్కులోని ప్రతి నుంచి ఆ రోజే మళ్లీ పంపుతాం.